లేబుళ్ళు 400, మెసేజీలు 6 వేలు: సెంటిమెంట్ మోడల్‌కి ఏ దారి పట్టాలి?

మా పిన్ని కూతురు పచ్చళ్ళ వ్యాపారం చేస్తుంది. పిన్ని పచ్చడి పెడితే తను డబ్బాలకెత్తి హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా పంపుతుంది. తిన్నవాళ్ళు వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాస్తారు. కొందరు తెలుగు లిపిలో, ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఇంకొందరు రెండూ కలిపి. అలాంటివి ఓ 6 వేలు పోగయ్యాయి. "అన్నయ్యా, అన్నీ చదివే ఓపిక నాకు లేదు, ఎవరు బాగోలేదన్నారో పొద్దున్నే తెలిస్తే చాలు" అంది. సరే, మెసేజ్ పొగడ్తో ఫిర్యాదో చెప్పే సెంటిమెంట్ మోడల్ కడదామని కూర్చుంటే చేతిలో ఉన్నవి 400 లేబుళ్ళు, అంటే పాజిటివ్, నెగెటివ్, న్యూట్రల్ అని చేత్తో పెట్టిన గుర్తులు. అవి కూడా ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పెట్టినవే.

ఇంగ్లీషులో ఈ గోల తక్కువ. ఐఎండీబీ సినిమా రివ్యూల సెట్ ఒక్కటి దించుకుంటే పాజిటివ్, నెగెటివ్ అని గుర్తు పెట్టిన 50,000 రివ్యూలు దొరుకుతాయి. తెలుగులో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ నుంచి 2017లో వచ్చిన యాక్ట్‌సా సెట్ ఉంది, అందులో 5 వేల పైచిలుకు వాక్యాలు, అవీ వార్తల్లోంచి తీసినవి. వార్తల భాషకీ, "ఆవకాయ కేక అండి బాబూ" అన్న భాషకీ చాలా దూరం. కాబట్టి మన డేటాకి మనమే దారి చూసుకోవాలి. దారులు చాలా ఉన్నాయి, నేను దాదాపు అన్నీ తొక్కాను, కొన్నిటి మీద వారాలు తగలేశాను. ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ దెబ్బ తింటుందో రాస్తాను.

ముందు ఒక పని, ఏ దారి పట్టినా తప్పనిది

ఆ 400లో సగం పక్కన పెట్టేయండి. వాటి మీద ట్రైనింగ్ చేయొద్దు, వాటిని చూసి సెట్టింగులు మార్చొద్దు. అది టెస్ట్ సెట్, మోడల్‌కి పరీక్ష పెట్టడానికి. ఉన్నదే కొంచెం, అందులో సగం దాచిపెట్టమంటావా అంటారు, తెలుసు. కానీ లెక్క చూడండి. 100 మెసేజీల మీద మీ మోడల్ 80 శాతం కరెక్ట్ అని తేలితే అసలు సంగతి 72కీ 88కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. టెస్ట్ సెట్ 400 అయితే ఆ ఊగిసలాట అటూ ఇటూ 4 శాతానికి తగ్గుతుంది. ఈ కొలత సరిగ్గా లేకపోతే కింద చెప్పబోయే పద్ధతుల్లో ఏది మెరుగో మీరు తేల్చలేరు. నిన్న 78, ఇవాళ 81 అని సంబరపడతారు, అది గాలివాటం.

ఇంకోటి, ఉత్త శాతం చూసి మోసపోకండి. పచ్చళ్ళ మెసేజీల్లో పొగిడేవాళ్ళే ఎక్కువ. నూటికి 80 మంది బాగుందని, మిగతా 20 మంది బాగోలేదని అన్నారనుకుంటే, ఏదీ చదవకుండా అన్నిటికీ పాజిటివ్ అనేసే మొద్దు మోడల్‌కి కూడా 80 శాతం వచ్చేస్తుంది. దాని మాక్రో ఎఫ్1 (ఒక్కో రకాన్ని ఎంత బాగా పట్టిందో విడిగా కొలిచి తీసే సగటు) చూస్తే మాత్రం 0.44 దగ్గర కూలబడుతుంది, ఎందుకంటే నెగెటివ్‌లో దానికి సున్నా. మా చెల్లికి కావలసింది ఫిర్యాదులు. ఉన్న ఫిర్యాదుల్లో మోడల్ ఎన్నిటిని పట్టుకుంది, నేను చూసేది ఆ రీకాల్ సంఖ్యే.

అలాగే ఒక్కరే లేబుల్ పెట్టొద్దు. నేను పెట్టిన వాటిలో 100 తీసి పిన్నికిచ్చాను, నా జవాబులు చూపించకుండా. "నూనె కాస్త తగ్గితే ఇంకా బాగుండేది" అన్నదానికి నేను న్యూట్రల్ పెట్టాను, పిన్ని నెగెటివ్ పెట్టింది. "తిన్నావిడ మొహమాటపడి అలా రాసిందిరా, నూనె ఎక్కువైందనే కదా అర్థం" అంది. ఆవిడే కరెక్ట్. ఇద్దరూ ఎంతవరకు కలిశారో చూడటానికి కోహెన్ కప్పా అనే లెక్క వాడతారు, 1960 నుంచి ఉన్నదే. గాలివాటంగా కలిసిన వాటిని తీసేసి చూస్తుంది, 1 అంటే పూర్తిగా కలిసినట్టు. ఇది ఎందుకంటే, ఇద్దరికీ 80 శాతం పాజిటివ్, మిగతావి నెగెటివ్ పెట్టే అలవాటుంటే కళ్ళు మూసుకుని పెట్టినా 68 శాతం కలిసిపోతాయి. అలాంటప్పుడు 85 శాతం కలిశాయంటే గొప్పగా వినిపిస్తుంది గానీ కప్పా 0.53 మాత్రమే. మనుషులిద్దరే అంత తేడాగా ఉంటే మోడల్‌ని తిట్టడం అన్యాయం. కూర్చుని నియమాలు రాసుకోండి, "తగ్గితే బాగుండేది రకం అంతా నెగెటివ్" లాంటివి ఓ పది.

మాటల జాబితా: చవక, కానీ తెలుగు దగ్గర బోల్తా

అందరూ మొదట వెళ్ళే చోటు ఇదే. మంచి మాటలు ఒక వైపు, చెడ్డ మాటలు ఒక వైపు, లెక్కపెట్టి తీర్పు. లేబుళ్ళే అక్కర్లేదు, అందుకే ఆకర్షణ. తెలుగులో ఇది ఎందుకు తన్నేస్తుందో ఒక్క "బాగు" చుట్టూ తిరిగి చూడండి. బాగుంది, సరే. బాగోలేదు, బాలేదు అన్నప్పుడు కాదనడం మాట లోపలే కలిసిపోయింది, ఇంగ్లీషులోలా ముందు విడిగా ఒక ముక్క రాదు. "బాగానే ఉంది" అన్నారంటే ఆ "నే" దగ్గరే సగం ఉత్సాహం పోయింది. "బాగుండేది" అంటే బాగోలేదనే. ఇక "మామూలుగా లేదు" అన్నది చూడండి, "లేదు" అని ఉంటుంది, అర్థం ఆకాశానికెత్తడం. "కళ్ళల్లో నీళ్ళొచ్చాయండీ" అన్నది సినిమాకి ఒకటి, ఆవకాయకి ఇంకొకటి, కొరియర్ వాడి గురించైతే మూడోది. "ఘాటు", "మంట", "కారం" మందుల షాపు రివ్యూల్లో నెగెటివ్, మా చెల్లి దగ్గర అవే పొగడ్తలు.

పైగా స్పెల్లింగు. బాగుంది అన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు బా దగ్గర ఒక ఏ పెట్టేవాళ్ళు, రెండు పెట్టేవాళ్ళు, చివర డి తర్వాత హెచ్ తగిలించేవాళ్ళు, ఆనందం ఎక్కువై ఐలు ఆరు కొట్టేవాళ్ళు. ఏ జాబితా సరిపోతుంది?

అందుకని జాబితాని తీర్పు చెప్పడానికి వాడకండి. కానీ పారేయకండి, దాని పని కింద వేరే చోట వస్తుంది.

పాత పద్ధతి బేస్‌లైన్‌ని ఎగతాళి చేయకండి

బేస్‌లైన్ అంటే మిగతావాటిని పోల్చుకోవడానికి ముందు కట్టే సాదా మోడల్. టీఎఫ్ ఐడీఎఫ్ (ఏ ముక్క ఎంత ముఖ్యమో అంకెల్లో చెప్పే లెక్క), మీద లాజిస్టిక్ రిగ్రెషన్ (ఆ అంకెల్ని కూడి తీర్పు చెప్పే చిన్న మోడల్). పది లైన్ల కోడ్, లాప్‌టాప్‌లో ఒక్క క్షణం. తెలుగుకి ఒకటే మార్పు: మాటలుగా కాకుండా 2 నుంచి 5 అక్షరాల ముక్కలుగా కోయండి. అప్పుడు బాగోలేదు, బాలేదు, నచ్చలేదు, రాలేదు అన్నిటిలో ఉన్న "లేదు" ఒక్క ముక్కగా పట్టుబడుతుంది, స్పెల్లింగు తేడాలు కూడా సగం సర్దుకుంటాయి. ఇది కట్టకుండా పెద్ద మోడల్ దగ్గరికి పోవద్దు. నేను అలా పోయే ఒకసారి నవ్వులపాలయ్యాను, వారం రోజులు కష్టపడి తెచ్చిన స్కోరు దీనికంటే తక్కువని ఎవరో అడిగితే గానీ తెలియలేదు.

ఇంగ్లీషులోకి తర్జుమా చేసి ఇంగ్లీషు మోడల్‌కి ఇవ్వడం

వినడానికి తెలివైన పని. ఏఐ4భారత్ వాళ్ళ తర్జుమా మోడల్ ఇండిక్‌ట్రాన్స్2 2023 నుంచి ఉచితంగా ఉంది, 22 భారతీయ భాషలు. శుద్ధంగా రాసిన తెలుగైతే పర్వాలేదు. మన మెసేజీలు అలా ఉండవు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదాన్ని ముందు తెలుగు లిపిలోకి మార్చాలి, తర్వాత తర్జుమా, తర్వాత తీర్పు. మూడు మెట్లు, మూడు చోట్లా కాలు జారొచ్చు. "మామూలుగా లేదు" అన్నది మాటకి మాట తర్జుమా అయితే ఏదో తేడాగా ఉందన్న అర్థం వస్తుంది, ఇంగ్లీషు మోడల్ దాన్ని నెగెటివ్‌లో పడేస్తే దాని తప్పేం లేదు. ఒక్క లేబుల్ కూడా లేని రోజున మొదటి అంచనాకి వాడుకోండి. లేబుళ్ళు 200 దాటాక నేనైతే వాడను.

అసలు పోటీ: ఫైన్‌ట్యూనింగా, సెట్‌ఫిట్టా

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే 400 లేబుళ్ళ వాడికి నిజంగా తేల్చుకోవలసింది ఇదే.

ముందే బోలెడు పాఠం చదివేసిన మోడల్‌ని తీసుకుని మన కొద్దిపాటి లేబుళ్ళతో దారికి తేవడం, అంటే ఫైన్‌ట్యూనింగ్, అనే ఆలోచన 2018లో గట్టిగా నిలబడింది. ఆ ఏడు వచ్చిన యూఎల్‌ఎంఫిట్ 100 లేబుళ్ళతోనే, సున్నా నుంచి మొదలుపెట్టి 100 రెట్ల డేటా తిన్న మోడల్‌తో సమానంగా వచ్చిందని చూపించింది, ఇంగ్లీషులో. మనకిప్పుడు చదివేసిన మోడళ్ళు మూడు నాలుగు ఉన్నాయి. మల్టీలింగ్వల్ బర్ట్ 104 భాషలు, ఎక్స్ఎల్ఎమ్ రాబర్టా 100 భాషలు, గూగుల్ ఇచ్చిన మురిల్ ఇంగ్లీషుతో కలిపి 17 భాషలు. చూడటానికి మురిల్ చిన్నది. కానీ అది భారతీయ భాషల్ని వాటి లిపుల్లోనే కాక ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చిన రూపంలో కూడా చదివింది. వాట్సాప్ తెలుగుకి ఇంతకంటే ఏం కావాలి. మెసేజీల్లో సగం ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ముందు మురిల్‌నే పట్టుకోండి, మిగతావి తర్వాత.

మురిల్ బేస్‌లో 23 కోట్ల పైచిలుకు పారామీటర్లు, అంటే ట్రైనింగ్‌లో సర్దుకునే అంకెలు. నెట్‌లో ఉచితంగా దొరికే గూగుల్ కోలాబ్ జీపీయూ మీద నడుస్తుంది, అది సమస్య కాదు. సమస్య ఏంటంటే 200 ఉదాహరణలతో అంత పెద్దదాన్ని ఫైన్‌ట్యూన్ చేస్తే దాని మూడ్ చెప్పలేం. అదే డేటా, అదే కోడ్, ర్యాండమ్ సీడ్ (ట్రైనింగ్ ఎలా మొదలవ్వాలో పాచికలా తేల్చే సంఖ్య) ఒక్కటి మారిస్తే స్కోరు చాలా మారుతుంది, ఒక్కోసారి మొత్తం చేతులెత్తేసి అన్నిటికీ పాజిటివ్ అంటుంది. కాబట్టి ఒక్కసారి నడిపి మురిసిపోకుండా 5 సీడ్లతో నడిపి, సగటుతో పాటు అతి తక్కువ స్కోరు కూడా రాసి పెట్టుకోండి.

సెట్‌ఫిట్ అనే పద్ధతి 2022లో వచ్చింది, ఇలాంటి పేదరికం కోసమే. ఇది వాక్యాన్ని నేరుగా తీర్పు చెప్పమని అడగదు. ఉన్న ఉదాహరణల్ని జతలు కడుతుంది: ఈ రెండూ ఒకే రకం, ఇవి రెండూ వేరు రకం. 16 ఉదాహరణలుంటే 120 జతలు పుడతాయి, అంటే కొంచెం డేటానే ఎక్కువసార్లు నమిలిస్తుంది. ఆ జతలతో వాక్యాల్ని అంకెలుగా మార్చే మోడల్‌ని సర్ది, మీద మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ పెడుతుంది. దాన్ని చేసినవాళ్ళు ఇంగ్లీషు కస్టమర్ రివ్యూల మీద, ఒక్కో రకానికి 8 లేబుళ్ళతో, 3 వేల లేబుళ్ళ మీద ఫైన్‌ట్యూన్ చేసిన రాబర్టా లార్జ్ అనే పెద్ద మోడల్‌కి పోటీగా వచ్చారు.

తెలుగుకి దీంతో ఒక మెలిక ఉంది, ఇది తెలియక నేను నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. ట్యుటోరియళ్ళలో వాక్యాల్ని అంకెలుగా మార్చడానికి అందరూ వాడే పారాఫ్రేజ్ మల్టీలింగ్వల్ మినీఎల్ఎమ్ 50కి పైగా భాషలకి అని ఉంటుంది. ఆ జాబితా తెరిచి చదివితే హిందీ, మరాఠీ, గుజరాతీ ఉన్నాయి, తెలుగు లేదు. ఎర్రర్ ఏమీ రాదు, నిశ్శబ్దంగా చెత్త జవాబులిస్తుంది. బదులు అదే పని చేసే గూగుల్ మోడల్ లేబ్స్ (LaBSE) తీసుకోండి, 109 భాషలు, తెలుగు ఉంది. లేబ్స్‌కి తెలుగు లిపి బాగా నచ్చుతుంది, ఇంగ్లీషు అక్షరాల తెలుగు అంతగా కాదు, కనుక ముందు లిపి మార్చి ఇవ్వండి.

నా తీర్పు అడిగితే: ఒక్కో రకానికి 50 లోపు లేబుళ్ళుంటే సెట్‌ఫిట్. మొత్తం 500 దాటితే, అందులోనూ ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువుంటే, మురిల్ ఫైన్‌ట్యూనింగ్. మధ్యలో ఉంటే రెండూ నడపండి, ఒక సాయంత్రం పని.

డేటాని పెంచడం, తన జవాబులే తను నమ్మడం

ఉన్న వాక్యాల్ని అటూ ఇటూ మార్చి కొత్తవి పుట్టించే ఈడీఏ 2019 నాటిది: మాటకి సమానార్థకం పెట్టు, రెండు మాటలు తారుమారు చెయ్యి, ఒకటి తీసెయ్యి. తెలుగులో ఒక మాట తీసేయడమంటే ఒక్కోసారి ఆ "లేదు"నే తీసేయడం. లేబుల్ నెగెటివ్, వాక్యం పాజిటివ్, అసలుకే ఎసరు. చదివేసిన పెద్ద మోడళ్ళ మీద దీని లాభం ఎలాగూ తక్కువే. నేను వదిలేశాను.

సూడో లేబులింగ్ కాస్త నయం. మోడల్ గట్టిగా నమ్మిన జవాబుల్ని లేబుళ్ళుగా తీసుకుని మళ్ళీ ట్రైనింగ్. లేబుల్ లేని 5,600 ఊరికే పడున్నాయి కదా, వాడుకోవాలనిపిస్తుంది. మోడల్ ఒక తప్పుని గట్టిగా నమ్మితే మాత్రం రెండో రౌండులో అది ఇంకా గట్టిపడుతుంది. రకానికి ఇన్ని అని పరిమితి పెట్టకపోతే పాజిటివ్‌లు వరదలా వచ్చి నెగెటివ్‌లని ముంచేస్తాయి.

పైన పక్కన పెట్టిన మాటల జాబితా పని ఇక్కడ. స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన స్నార్కెల్ పద్ధతి ఏంటంటే, ఇలాంటి అరకొర నియమాలు పది పదిహేను రాసి, ఒక్కోటి ఎంత నమ్మదగినదో అది లెక్కకట్టి, మొత్తం మీద ఒక లేబుల్ తేల్చడం. "లీక్", "పగిలింది", "రీఫండ్" వస్తే నెగెటివ్, మళ్ళీ ఆర్డర్ పెట్టినవాళ్ళ మెసేజ్ అయితే పాజిటివ్, ఇలా. ఆ చివరిది చూడండి, అది భాషలోనే లేదు, ఆర్డర్ల పుస్తకంలో ఉంది. మీ వ్యాపారంలో ఇలాంటి ఆధారాలు ఉంటే ఈ దారి బంగారం. లేకపోతే నియమాలు రాసే టైంలో లేబుళ్ళే పెట్టుకోవచ్చు.

పెద్ద మోడల్‌నే అడిగేస్తే?

ఇప్పుడు అందరూ అనేది ఇదే: ఇంత గోల ఎందుకు, చాట్ మోడల్‌కి మెసేజ్ ఇచ్చి అడిగితే చెబుతుంది కదా. నిజమే, చెబుతుంది. నాలుగైదు ఉదాహరణలు, మనం రాసుకున్న ఆ పది నియమాలు ప్రాంప్ట్‌లో పెడితే మా "బాగుండేది" లాంటివి కూడా చాలావరకు పట్టేస్తుంది. రోజుకి 20 మెసేజీలొచ్చే చోట ఇదే చాలు, మోడల్ ట్రైనింగ్ మాటే వద్దు.

అడ్డొచ్చేవి మూడు. ఒకటి ఖర్చు, తెలుగు లిపికి ఇది మామూలుగానే ఎక్కువ. బాగుంది అన్నది యూనికోడ్‌లో 7 ముక్కలు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 21. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో 7 బైట్లు. టోకెన్లుగా, అంటే బిల్లు వేయడానికి లెక్కపెట్టే ముక్కలుగా, ఎన్నవుతుందో మోడల్‌ని బట్టి మారుతుంది గానీ, అవే సంగతులకి తెలుగు బిల్లు సాధారణంగా ఎక్కువే. రెండోది, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు ఆ మెసేజీల్లోనే ఉంటాయి. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, అది లేకపోయినా పక్కింటావిడ నంబరు బయటికి పంపడం మర్యాద కాదు, ముందు తుడిచేసి పంపండి. మూడోది, వెనకాల కంపెనీ మోడల్ మార్చేస్తే నిన్నటి జవాబు ఇవాళ రాదు.

అందుకే నాకు నచ్చిన వాడకం వేరే. పెద్ద మోడల్‌తో ఓ 2 వేల మెసేజీలకి లేబుళ్ళు పెట్టించి, అందులో అనుమానంగా ఉన్నవి మనం చూసి దిద్ది, వాటితో మురిల్‌ని ట్రైన్ చేసుకోవడం. ఆ తర్వాత మన మోడల్ మన దగ్గరే నడుస్తుంది. టెస్ట్ సెట్‌కి మాత్రం దాని లేబుళ్ళు వద్దు, అది మనుషులే పెట్టాలి, లేకపోతే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

లేదా, కూర్చుని లేబుళ్ళు పెట్టండి

దీన్ని ఎవరూ పద్ధతిగా లెక్కపెట్టరు, బోర్ కదా. ఒక మెసేజ్‌కి 20 సెకన్లనుకుంటే గంటకి 180, వెయ్యి మెసేజీలకి ఐదున్నర గంటలు. నేను సెట్టింగులు తిప్పుతూ పోగొట్టిన వారాల్లో ఇది ఎన్నిసార్లు అయిపోయేదో.

ఐతే గుడ్డిగా ఏవంటే అవి పెట్టకండి. ఉన్న మోడల్‌తో మిగతా 5,600 చదివించి, అది తేల్చుకోలేక సగం సగం అన్నవి ముందు తీసి వాటికి లేబుల్ పెట్టండి. యాక్టివ్ లెర్నింగ్ అంటారు, 1994 నుంచి ఉన్న ఆలోచనే. "ఘుమఘుమలాడుతోంది" లాంటి నూరో పొగడ్తకి లేబుల్ పెట్టి మోడల్‌కి నేర్పేదేం లేదు, "డబ్బా బాగా ప్యాక్ చేశారు, పచ్చడే కొంచెం..." అన్నదానికి పెడితే ఉంది. రెండు జాగ్రత్తలు: లేబుళ్ళు మరీ 50 ఉన్నప్పుడు మొదలుపెట్టకండి, అప్పటికి మోడల్ అనుమానాలకే అర్థం ఉండదు. ఇలా ఏరినవాటిని టెస్ట్ సెట్‌లో కలపకండి, అవన్నీ కష్టమైనవే కాబట్టి కొలత వంకర పోతుంది.

మేం చివరికి చేసింది ఇది: 400 మెసేజీల టెస్ట్ సెట్, నేనూ పిన్నీ విడివిడిగా లేబుల్ పెట్టి, తేడా వచ్చినవి ఇద్దరం తగువులాడి తేల్చుకున్నవి. ట్రైనింగ్‌కి నేను మొదట్లో పెట్టిన వాటిలో మిగిలిన 200, మూడు సాయంత్రాల్లో యాక్టివ్ లెర్నింగ్‌తో ఏరి లేబుల్ పెట్టిన 600. మీద మురిల్, 5 సీడ్లు. పాజిటివ్, నెగెటివ్ అని గిరి గీయకుండా, నెగెటివ్ అయ్యే అవకాశం ఎక్కువున్నవి పైకి వచ్చేలా వరుస పెట్టి చెల్లికి పొద్దున్నే షీట్ పంపుతున్నాం. తను పైనుంచి ఓ పదిహేను చదువుతుంది.

"పోయినసారి పంపినట్టు పంపండి చాలు" అని ఒకాయన రాశాడు. అందులో మంచి మాట లేదు, చెడ్డ మాట లేదు, మోడల్ దాన్ని తీసుకెళ్ళి షీట్ అడుగున పడేసింది. చెల్లి వేరే దేనికోసమో కిందకి వెళ్ళి చూసి పిన్నికి చదివి వినిపిస్తే, "ఈసారి ఆవపిండి వేరే చోట పట్టించాం కదే, అదే అయ్యుంటుంది" అంది.